గాలుల లెక్క కట్టిన వాకర్ దొర

తుపాను సహాయ డ్యూటీలు మనలో చాలామంది చేసినవాళ్ళమే. ఒక ఏడు బంగాళాఖాతం ఉగ్రరూపం దాలుస్తుంది, ఇంకో ఏడు కాస్త శాంతంగా ఉంటుంది. ఎందుకలా? దానికి దారి చూపించిన పెద్దమనిషి సర్ గిల్బర్ట్ వాకర్. నేను ఇంటర్ చదివిన సుబేదారుని మాత్రమే, నాకు అర్థమైనంతలో చెప్తాను.

వాకర్ గారు 1868లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో పుట్టారు. 1889లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ప్రథముడిగా నిలిచారు. బూమరాంగ్ విసరడమన్నా, ఫ్లూటన్నా ఆయనకు ప్రాణం. 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా సిమ్లా వచ్చారు. 1899లో వానలు లేక దేశం ఘోరమైన కరువు చూసింది. వానలను ముందుగా అంచనా కట్టడమే ఆయనకు అప్పగించిన పని.

ఆయన ప్రపంచం నలుమూలల నుంచి గాలి పీడనం, వాన, ఉష్ణోగ్రతల రికార్డులు తెప్పించారు. కంప్యూటర్లు లేని రోజులు. భారతీయ గుమాస్తాలు ఏళ్ళ తరబడి చేత్తోనే లెక్కలు వేశారు. చివరికి ఒక సంగతి తేలింది. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది. అచ్చం తక్కెడలాగే! దీనికే దక్షిణ డోలనం అని పేరు పెట్టారు.

1913లో మద్రాసు వచ్చినప్పుడు, పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ లెక్కలు చూసి యూనివర్సిటీకి సిఫారసు చేసింది కూడా ఈయనే. నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది.

1924లో ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయారు. కారణం చూపలేని లెక్కలని చాలామంది ఆయన మాట నమ్మలేదు. 1958లో కన్నుమూశారు. 1969లో బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త ఈ తక్కెడకూ, పసిఫిక్ నీళ్ళు వేడెక్కే ఎల్ నినోకూ ఉన్న సంబంధం వివరించి, ఆ గాలి చక్రానికి వాకర్ పేరే పెట్టారు.

ఇక తుపాన్ల సంగతి. ఎల్ నినో ఏట వానమబ్బు కట్టే చోటు పసిఫిక్‌లో తూర్పుకు జరుగుతుంది. రుతుపవనాలు వెళ్ళాక బంగాళాఖాతం మీద గాలిలో తేమ తగ్గుతుంది. కింది గాలికీ పై గాలికీ పొంతన కుదరక తుపాను తల తెగిపోతుంది. లా నినా ఏట పరిస్థితి దానికి అనుకూలం. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ లా నినా ఏట వచ్చిందే.

అయితే 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన వచ్చింది బలహీనమైన ఎల్ నినో ఏట! అందుకే వాకర్ లెక్కను మనం ఇంటెలిజెన్స్ రిపోర్టులాగే చూడాలి. శత్రువు వచ్చే అవకాశం తక్కువని రిపోర్టు వస్తే సెంట్రీని పోస్టు నుంచి తీసేస్తామా? రిటైరై తీరప్రాంత ఊళ్ళలో ఉంటున్న మన సోదరులు ఈ ముక్క చుట్టుపక్కల వాళ్ళకు చెప్పాలి. ఏ ఏడైనా సరే, హెచ్చరిక రాగానే ఇల్లు వదిలి కదలాల్సిందే.

జై హింద్.