రాజముద్ర తిరిగిచ్చిన మధ్యాహ్నం



మీ ఇంట్లోనో, మీ విచారణలోనో కాంట్రాక్టు ఉద్యోగం చేసేవారు ఒకరైనా ఉండే ఉంటారు. చేరేటప్పుడు ఒక మాట చెబుతారు, చేరాక మరో పని అప్పగిస్తారు. ఇక అక్కడ ఉండలేమని తేలిపోయిన రోజున మనిషికి రెండు కోరికలు పుడతాయి. మనసులో ఉన్నదంతా నలుగురిలో కడిగేసి రావాలని ఒకటి, పనిని ఎక్కడిదక్కడ పారేసి రావాలని మరొకటి. ఈ రెండూ చేయకుండా బయటికి వచ్చిన ఒక పెద్దమనిషి సంగతి ఈ వారం మీతో చెప్పుకోవాలని ఉంది. ఆయన పునీత థామస్ మోర్.

1478లో లండన్‌లో పుట్టారు. తండ్రి న్యాయమూర్తి. తానూ న్యాయవాది అయ్యారు. గురుత్వం తీసుకుందామా అని కొంతకాలం ఆలోచించి, చివరికి గృహస్థు జీవితాన్నే ఎంచుకున్నారు. ముగ్గురు కూతుళ్ళు, ఒక కొడుకు. మొదటి భార్య 1511లో చనిపోతే, పిల్లల కోసం ఆలిస్ అనే వితంతువును పెళ్ళాడారు. 1516లో వచ్చిన యుటోపియా గ్రంథంతో ఐరోపా అంతటా పేరు వచ్చింది. ఇదంతా మీరు వేరేచోట చదువుకోవచ్చు. మనకు కావలసింది 1529 అక్టోబరు నుండి మొదలయ్యే కథ.

ఆ నెలలో ఇంగ్లాండు రాజు 8వ హెన్రీ, కార్డినల్ వూల్సీని తొలగించి, లార్డ్ ఛాన్సలర్ పదవిని మోర్‌కు ఇచ్చారు. రాజ్యంలో రాజు తరువాత రాజంతటి పదవే, కానీ భద్రత ఏపాటిది? రాజుగారి ఇష్టం ఉన్నంతకాలమే రాజముద్ర చేతిలో ఉంటుంది. రాజు తన భార్య కేథరీన్‌తో జరిగిన వివాహం చెల్లదని తేల్చుకోవాలన్న పట్టు మీద ఉన్నారు. మోర్‌కు అది సమ్మతం కాదు, రాజుకూ ఆ సంగతి తెలుసు. మోర్ పదవిలో చేరాక రాజు ఆ మాట మళ్ళీ కదిపి చూశారు. కుదరలేదు. అప్పుడు రాజు, ఆ పనికి వేరే వారిని వాడుకుంటాను, నీవు ముందు దేవునికి, ఆ తరువాతే నాకు లోబడి ఉండు అని మాటిచ్చారు. కాగితం మీద లేకపోయినా అదే వారి ఒప్పందం.

మోర్ తన వంతు పని చేశారు. ఆయన న్యాయస్థానంలో ఒకరోజు తరువాతి దావా పిలవమంటే, ఇక ఒక్కటీ మిగలలేదని గుమాస్తాలు చెప్పారట. 1531 మార్చిలో రాజు వివాహంపై విశ్వవిద్యాలయాలు రాజుకు అనుకూలంగా ఇచ్చిన అభిప్రాయాలను పార్లమెంటులో చదివి వినిపించవలసి వచ్చింది. వినిపించారు. మీ అభిప్రాయమేమిటని ఎవరో అడిగితే, అది రాజుగారికి ఎన్నోసార్లు చెప్పుకున్నానన్నారే గాని, అంతకు మించి నోరు విప్పలేదు.

1532 మే 15న, రాజు అనుమతి లేకుండా ఇక శ్రీసభ చట్టాలు చేయబోమని ఇంగ్లాండు గురుమండలి తలవంచింది. ఆ మరునాడే, మధ్యాహ్నం 3 గంటల వేళ, యార్క్ ప్లేస్ తోటలో మోర్ రాజముద్రను రాజు చేతికి తిరిగి అప్పగించారు. కారణంగా ఛాతీ నొప్పిని చెప్పారు. అది అబద్ధం కాదు, ఆ బాధ ఆయనకు నిజంగానే ఉంది. అసలు కారణం ఇద్దరికీ తెలుసు. చెప్పి ఎవరినీ నొప్పించవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు.

ఇంటికి వచ్చి ఆయన చేసిన మొదటి పని, తనను నమ్ముకున్న పనివారికి దారి చూపించడం. ఒక్కొక్కరినీ పీఠాధిపతుల దగ్గర, ప్రభువుల దగ్గర కుదిర్చారు. తన పడవను, దానిని నడిపే ఎనిమిది మందినీ తన స్థానంలోకి వచ్చిన ఆడ్లీకి అప్పగించారు. విదూషకుణ్ణి సైతం మరువలేదు. అతణ్ణి లండన్ నగర మేయరుకు, ఆయన తరువాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారికీ ఇచ్చారు. తాను రోడ్డున పడుతున్నప్పుడు పడవవాడి భోజనం గురించి ఆలోచించే యజమానులు ఎందరుంటారో మీరే చెప్పండి.

భార్యకు ఈ వార్త చెప్పడమే కష్టమైంది. గుడిలో పూజ ముగిశాక ప్రభువుగారు వెళ్ళిపోయారని ఆమె ఆసనం దగ్గరికి వచ్చి చెప్పడం ఒక సేవకుని పని. తరువాతి పండుగనాడు మోర్ తానే టోపీ చేతబట్టుకుని, వంగి, ఆ మాటే చెప్పారు. ఆమె మొదట వేళాకోళమనుకుంది. అసలు సంగతి తెలిశాక నవ్వు రాలేదు పాపం. ఆపైన ఆయన పిల్లలను కూర్చోబెట్టి లెక్క చెప్పారు. ఇక ఏడాదికి 100 పౌన్లకు కాస్త పైన మాత్రమే వస్తుంది. తాను న్యాయవాదిగా తిన్న తిండికి ముందు దిగుదాం, అదీ జరగకపోతే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల తిండికి దిగుదాం, అదీ లేకపోతే జోలెలు తగిలించుకుని దేవమాత గీతం పాడుతూ ఇంటింటికీ వెళదాం అన్నారు. అంత ఇబ్బందిలోనూ, ఆయన రచనలకు కృతజ్ఞతగా మేత్రాణులు పోగుచేసిన 4,000 పౌన్లకు పైబడిన సొమ్మును ముట్టుకోలేదు.

రాజే తీసివేశాడని ఊరు గుసగుసలాడింది. మనకైతే అనుభవ పత్రం ఇస్తారు. ఆయన చెల్సీ గుడిలో తన సమాధి ఫలకం మీద, రాజు అనుగ్రహంతోనే పదవి విడిచానని చెక్కించి, ఆ ప్రతిని 1533లో మిత్రుడు ఎరాస్మస్‌కు పంపారు. దొంగలకూ, హంతకులకూ, మతభ్రష్టులకూ తాను కంటకుణ్ణన్నది కూడా ఆ రాతలోనే ఉంది. ఆయన పదవిలో ఉండగా మత విభేదం కారణంగా ఆరుగురిని దహనం చేశారు. పునీతుని జీవితంలో అది మనం తలవంచుకుని చదవవలసిన పుట.

1533లో ఆన్ బొలీన్ పట్టాభిషేకానికి మోర్ వెళ్ళలేదు. అప్పటి నుండి పాత లెక్కలు తవ్వడం మొదలైంది. ఒక దావాలో గెలిచినవాని భార్య చేతుల మీదుగా బంగారు పూత గిన్నెను లంచంగా పుచ్చుకున్నారని ఫిర్యాదు. మోర్ అవును, తీసుకున్నానన్నారు. ఆన్ తండ్రి సంబరపడిపోయాడు. మిగతాది కూడా వినమని మోర్ అన్నారు. ఆ గిన్నెలో ద్రాక్షారసం పోయించి, ఆమె క్షేమం కోరి తాగి, నూతన సంవత్సర కానుకగా ఆమె భర్తకు ఇమ్మని గిన్నెను ఆమె చేతిలోనే తిరిగి పెట్టారట! మరొకామె చేతి తొడుగుల్లో 40 పౌన్లు పెట్టి ఇస్తే, తొడుగులు ఉంచుకుని డబ్బు వెనక్కి ఇచ్చారు. 1534లో, రాజుకు వ్యతిరేకంగా జోస్యాలు చెప్పిన ఒక సన్యాసిని వ్యవహారంలో ఇరికించబోయారు. రాజకార్యాల జోలికి పోవద్దని ఆమెకు తాను రాసిన జాబు నకలు మోర్ దగ్గర భద్రంగా ఉంది. నేరపత్రం నుండి ఆయన పేరు తీసివేయక తప్పలేదు.

ఏ తప్పూ దొరకలేదు. చివరికి ఆయన చేయలేని ప్రమాణమే అడిగారు. 1534 ఏప్రిల్ 17న లండన్ టవర్ చెరలో పెట్టారు. 1535 జూలై 6న శిరచ్ఛేదం చేశారు. 1935లో పాపుగారు 11వ భక్తినాథులు (పయస్) ఆయనను పునీతునిగా ప్రకటించారు.

1941 బాంబుదాడిలో చెల్సీ గుడి చాలామటుకు కూలిపోయింది. ఆయన రాయించుకున్న ఫలకం మాత్రం మిగిలింది. దాని కింద ఆయన దేహం లేదు. అది టవర్‌లోని పునీత పేతురు గుడిలో ఉంది.