నాదమే నేత్రముగా: ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితము

సింహగిరిపై వెలసిన శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు చందనపు పూతలో మరుగుపడియుండును. వైశాఖ శుద్ధ తదియనాడు, అక్షయతృతీయా పర్వమున మాత్రమే స్వామివారి నిజరూపము భక్తులకు దర్శనమగును. తక్కిన దినములలో పరవాడ నుండి, అనకాపల్లి నుండి, దూరప్రాంతముల నుండి కొండకు వచ్చు యాత్రికులందరును చందనమునే చూచి, దాని వెనుకనున్న స్వామిని మనసుతో దర్శించి ధన్యులగుదురు. ఆ సన్నిధిలో కన్నులున్నవారికిని లేనివారికిని గల అంతరము మిక్కిలి స్వల్పము. కంటికి అందనిదానిని అందుకొనుటకు వేరొక మార్గము కలదని తన జీవితముచే నిరూపించిన మహనీయుడొకరు ఈ విశాఖసీమలోనే పెరిగిరి. వారే వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినమున బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది విశాఖపట్టణమున. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు కంటివెలుగు మాత్రము చాలినంత లభింపలేదు. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. ఆ కాలమున అట్టి బిడ్డలలో ఎందరికో లోకము చూపిన తావులు రెండే: ఇంటిలో ఒక మూల, లేదా గుడి ముంగిట అరుగు. నాయుడుగారి యదృష్టము వేరుగా నుండెను. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు తమ్మునికి వాయులీనము నేర్పిరి. అక్షరములను పట్టలేని కన్నులను చూచి నిట్టూర్చుటతో ఊరకుండక, స్వరములను పట్టగల చెవిని గుర్తించి ఆదరించిరి. ఆ ఇంటిలో జరిగిన మేలు ఇంతే. కాని ఒక జీవితము నిలుచుటకు అంతయే చాలినది.

వాయులీనము ఐరోపావారి వెంట మన దేశమునకు వచ్చిన వాద్యము. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు మలచినవారిలో ప్రథములు. వీణకు మెట్లుండును, వాయులీనమునకు అవి లేవు. తంత్రిపై వ్రేలు వెంట్రుకవాసి తొలగినను స్వరము చెడును. ఎచట వ్రేలు మోపవలెనో కన్ను చెప్పజాలదు, చెవియే చెప్పవలెను. చూపు చాలని బాలునకు ఆ వాద్యము లభించుట దైవికమనియే తోచును. అయినను దైవము వాద్యమును మాత్రమే చూపెను. దానిని వశము చేసికొన్నది సాధన. నాయుడుగారు సంగీతమును తపస్సుగా భావించిరి.

ఇంతలో విజయనగరమున ఒక శుభకార్యము జరిగెను. సింహాచల దేవస్థానమునకు వంశపారంపర్య ధర్మకర్తలైన పూసపాటివారి సంస్థానమది. ఆ సంస్థానముతో సంబంధముగల చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడు; సంగీతమునందు మక్కువగలవాడు. అతనికి నెలకింతయని భృతి యేర్పరచి ప్రభువులు తమ ధర్మము తీరినదనుకొని యుండవచ్చును. శ్రీ పూసపాటి విజయరామ గజపతిరాజుగారు అట్లు చేయలేదు. 1919లో ఒక సంగీత కళాశాలనే స్థాపించిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. ఒక అంధుని కొరకు తెరచిన ఆ తలుపు అతనితోనే మూతపడలేదు. చూపున్నవారును లేనివారును ఆ వాకిటనే ప్రవేశించిరి. తరువాతి కాలమున తెలుగునాట ఇంటింట భక్తిగీతములు వినిపించిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారును, పి. సుశీలగారును ఆ కళాశాలలో విద్య నభ్యసించినవారే.

నాయుడుగారు ఆ కళాశాలకు విద్యార్థిగా చేరగోరి వచ్చిరనియు, వారి వాదనమును విన్న పెద్దలు విద్యార్థిగా గాక ఆచార్యునిగానే నియమించిరనియు ప్రతీతి. అప్పటికి వారికి ఇరువదియారవ యేడు. చిన్ననాడు బడిలో నిలువజాలని వ్యక్తి 1936లో అదే కళాశాలకు అధ్యక్షులైరి. అంధుని నిమిత్తము పుట్టిన విద్యాలయమును చూపు మందగించిన గురువు నడిపించుట చిత్రమైన దైవఘటన.

ఆ రోజులలో వాయులీనము గాత్రమునకు పక్కవాద్యము. పాటగాని వెంట నడచుటయే దాని ధర్మమని తలచెడివారు. నాయుడుగారు దానిని సభామధ్యమున ఒంటిగా నిలిపి, 1938లో వేలూరున ఏకవాద్య కచేరీ గావించిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి గౌరవము నొసగెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. విఖ్యాత పాశ్చాత్య వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ వారి వాదనమును విని పరవశుడయ్యెను. ఈ గౌరవములలో కన్ను లేనివాడని జాలితలచి యిచ్చినది ఒక్కటియు లేదు. అన్నియు విద్యకు లభించినవే. అట్లని తమవంటివారిని నాయుడుగారు మరువలేదు. 1952లో ఢిల్లీలో అంధుల సహాయార్థము కచేరీ గావించిరి. 1964 నవంబరు 25న వారు పరమపదించిరి. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలాశాఖ వారి స్మృతిచిహ్నముగా తపాలాబిళ్ళను వెలువరించినది.

వైష్ణవ సంప్రదాయమునకు ఈ చరిత్ర క్రొత్తది కాదు. భగవద్రామానుజుల ప్రియశిష్యులు కూరత్తాళ్వానులు చోళరాజు ఆగ్రహమునకు గురియై కన్నులు కోల్పోయిరి. కాని ఆచార్య గోష్ఠిలో వారి స్థానమునకు లోపము రాలేదు. అటు పిమ్మట కంచి వరదుని కీర్తించిన ఆ మహనీయుని స్తవములు నేటికిని సన్నిధులలో అనుసంధింపబడుచున్నవి. యజ్ఞకర్మలందు అంగవైకల్యముగలవారి అధికారమును గూర్చి మీమాంసకులు చర్చించిరి. శరణాగతికి మాత్రము అట్టి నియమము లేదు. దేశకాలములతోగాని, అధికారి భేదముతోగాని ప్రపత్తికి పని లేదని పిళ్ళై లోకాచార్యులవారు శ్రీవచనభూషణమున నిర్ణయించిరి. స్వామి అడుగని అర్హతను భక్తులు ఒకరినొకరు అడుగుట తగదు.

ప్రభుత్వమును నేడు ఈ బాటనే పట్టినది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా, 2016 నాటి హక్కుల చట్టము 21 విధములను గుర్తించి, ప్రజలు వచ్చిపోవు భవనములన్నియు వారికి అనువుగా నుండవలెనని విధించినది. తిరుమలలో వృద్ధులకును దివ్యాంగులకును ప్రత్యేక దర్శనపు టేర్పాటు కలదు. కాని చట్టము గుడి మెట్ల ప్రక్క వాలుదారిని మాత్రమే వేయించగలదు. ఇంటి గడప దాటించుట ఇంటివారి చేతిలోని పని. కుటుంబమంతయు యాత్రకు బయలుదేరునపుడు, నడువలేని బిడ్డను, చూపులేని తల్లిని, జనసమ్మర్దములో కష్టమని చెప్పి ఇంట విడిచిపోవు వారు నేటికిని కలరు. ప్రసాదము తెచ్చి పెట్టుదుమని వారికి మాట యిత్తురు. ప్రసాదము తీయనిదే, తోడుకొనిపోవుట అంతకన్న తీయనిది. గంట వినబడును, తులసి పరిమళించును, తీర్థము నాలుకకు తగులును, శఠకోపము శిరస్సును స్పృశించును. సన్నిధిలో కంటికి మాత్రమే పరిమితమైనది ఏమున్నది?

వెంకటకృష్ణయ్యగారు తమ్మునకు ఒక వాద్యమును నేర్పిరి. విజయనగర ప్రభువులు గంగరాజునకై ఒక కళాశాల తెరచిరి. నాయుడుగారి ఇంటిపేరు ద్వారము. ముక్కోటి ఏకాదశినాడు ఉత్తరద్వారమున నిలిచి స్వామిని సేవించు ప్రతి గృహస్థుడును, తన ఇంట ఇంకను తెరువని తలుపు ఏదైన ఉన్నదేమో ఒక్కసారి తలచుకొనునుగాక.