రామన్ విన్న తీగలు

సి.వి. రామన్ అనగానే మనకి గుర్తొచ్చేవి నోబెల్, ఫిబ్రవరి 28, స్కూల్లో సైన్స్ డే క్విజ్. వెలుగు జోలికి పూర్తిగా పోకముందు ఆయన చాలా ఏళ్లు తీగల వెంట పడ్డారని నాకు ఈ మధ్యే తెలిసింది. అది కూడా వర్చువల్ పియానోలో సస్టెయిన్ పెడల్ ఎందుకు నకిలీగా వినిపిస్తుందో వెతుకుతుంటే!

పుట్టింది 1888లో, తిరుచిరాపల్లిలో. నాన్న చంద్రశేఖర అయ్యర్‌కి ఎ.వి.ఎన్. కాలేజీలో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే మన విశాఖపట్నం వచ్చేశారు. నాన్న లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. పదకొండేళ్లకే మెట్రిక్ పాసైన రామన్, 1907లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. ముగించారు. పెళ్లాడిన లోకసుందరి గారికి వీణ వచ్చు. ఆమె త్యాగరాజ కీర్తన వాయిస్తుండగా విని ఇష్టపడ్డారని చెప్తారు.

అదే ఏడు కలకత్తాలో ఫైనాన్స్ శాఖలో మంచి జీతం ఉద్యోగం. ఆఫీసుకి ముందు, ఆఫీసు తర్వాత బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ల్యాబ్‌లో ప్రయోగాలు. మధ్యలో రంగూన్, నాగపూర్ ట్రాన్స్‌ఫర్లు. 1917లో ఆ ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి కలకత్తా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరారు. ప్లేస్‌మెంట్ సీజన్లో ఈ మాట మన హాస్టల్లో చెప్తే నవ్వుతారేమో.

ఆ రోజుల్లో ఆయన వయొలిన్‌ని చేత్తో కాకుండా మెషీన్‌తో వాయించి కొలతలు తీశారు. 1920లో బెనర్జీతో కలిసి పియానో హామర్ మీద పేపర్ రాశారు. హామర్ తీగకి తగిలాక ఎంతసేపు అంటుకుని ఉంటుంది, ఏ చోట కొడితే అది ఎలా మారుతుంది అన్నది ప్రశ్న. మరుసటి ఏడు తంబుర, వీణ. పుస్తకం లెక్క ప్రకారం తీగని ఒక చోట మీటితే, ఆ చోట కదలిక లేని ఓవర్‌టోన్లు పలకకూడదు. తంబురలో పలుకుతాయి! బ్రిడ్జి వెడల్పుగా, వంపుగా ఉండి తీగ దాన్ని ఒరుసుకోవడం వల్లే ఇలా జరుగుతుందని ఆయన చూపించారు. తీగ కింద పెట్టే చిన్న దారం పని కూడా అక్కడే.

మా యాడికిలో నేను భజనలో హార్మోనియం చూశాను గానీ పియానో చూడలేదు. నాకు పియానో అంటే ల్యాప్‌టాపే. అసలు పియానోలో కుడి పెడల్ నొక్కితే డ్యాంపర్లన్నీ ఒకేసారి లేస్తాయంట. అప్పుడు మనం కొట్టిన తీగే కాదు, కొట్టని తీగలు కూడా దానికి తోడుగా మోగుతాయి. పెడల్ సగమే నొక్కితే డ్యాంపర్ తీగని ఒరుసుకుంటూ ఉంటుంది, శబ్దం మెల్లగా అణిగిపోతుంది. మామూలు యాప్‌కి ఇవేమీ పట్టవు, రికార్డ్ చేసిన నోట్‌ని ఆపకుండా సాగదీస్తుందంతే. తీగ దేనికి, ఎంతసేపు తగులుతోందో లెక్కగట్టి శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి. అవి అడిగేది రామన్ అడిగిన ప్రశ్నే.

1921లో ఓడ ప్రయాణంలో సముద్రం నీలం ఆయన్ని పట్టేసింది. 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్, తర్వాత బెంగళూరు. సంగీత వాయిద్యాల మీద 1927లో జర్మన్ హ్యాండ్‌బుక్‌కి ఒక పెద్ద వ్యాసం, మృదంగం మీద 1934లో మరో పేపర్ రాశారు గానీ మనసు వెలుగు మీదే. దేశానికి మంచిదే అయింది. నాకు మాత్రం పియానో దగ్గర ఇంకో పదేళ్లు ఆగుంటే బాగుండేదనిపిస్తుంది.

1970 నవంబరు 21న బెంగళూరులో పోయారు. 1983లో మిడి వచ్చింది. అందులో పెడల్‌కి ఇచ్చిన నంబర్ 64, విలువలు 0 నుంచి 127 దాకా. సగం నొక్కడానికి కావలసినంత చోటుంది. ఫ్రీగా దొరికే యాప్‌లు చాలావరకు దాన్ని ఇంకా లైట్ స్విచ్‌లాగే ఆన్, ఆఫ్ అని చదువుతున్నాయి.