అనుమానం వేరు, రుజువు వేరు అని నేర్పిన రచయిత – కొమ్మూరి సాంబశివరావు



మన సంచికలో మహనీయుల జీవితాల గురించి రాయడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, జాషువా గురించి మన అన్నలు ఎంతో బాగా రాశారు. ఈసారి మేము ఎంచుకున్న మనిషి పేరు మేము చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించలేదు. ఆయన ఉద్యమ నాయకుడు కాదు, మహాకవి అనీ ఎవరూ అనలేదు. డిటెక్టివ్ నవలలు రాశారు. ఇది వార్షికోత్సవ సంచికలో వేయదగిన విషయమేనా అని మాకే సందేహం కలిగింది. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మేము కర్నూలులో ఇంటర్ చదివే రోజుల్లో ఆదివారం ఔటింగ్ ఇస్తే కొండారెడ్డి బురుజు దాకా నడిచి పోయేవాళ్ళం. జేబులో పది ఇరవై రూపాయలకు మించి ఉండేవి కావు. ఒకసారి పాత పుస్తకాలు కుప్ప పోసి అమ్మే చోట అట్ట చినిగిన ఒక చిన్న నవల పది రూపాయలకు కొన్నాం. మొదటి నాలుగు పేజీలు లేవు. చివరి పేజీలు ఉన్నాయి, అదే మా అదృష్టం. స్టడీ అవర్‌లో కెమిస్ట్రీ పుస్తకం మధ్య పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరం రూములో అందరం చదివేశాం. అలా మాకు కొమ్మూరి సాంబశివరావు పరిచయమయ్యారు.

సాంబశివరావు 1926లో తెనాలిలో పుట్టారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుండి మన అమ్మానాన్నలు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయేది గుంటూరు ప్రాంతానికే కదా, తెనాలి ఆ దగ్గరలోనే ఉంటుంది. మనవాళ్ళు ఆ పొలాలకు కూలికి పోతారు, ఆ నేల మీద పుట్టిన పుస్తకాలు మన దాకా వస్తాయి. ఈ మాట మా నాయనకు చెబితే నవ్వినాడు.

ఆయనది మామూలు కుటుంబం కాదు. స్త్రీ స్వేచ్ఛ కోసం రాసి సమాజం చేత మాటలు పడిన చలం ఆయనకు పెదనాన్న. చలం పుట్టింది కొమ్మూరి వారింట్లోనే. తాతగారికి దత్తత పోవడం వల్ల గుడిపాటి వెంకటచలం అయ్యారు. చలం కన్నతండ్రి పేరు కూడా కొమ్మూరి సాంబశివరావే. ఆ తాత పేరే మనవడికి వచ్చింది. కథకుడిగా, చందమామ సంపాదకుడిగా పేరు పొందిన కొడవటిగంటి కుటుంబరావు మన రచయితకు బావ. అక్కాచెల్లెళ్ళలో ఉషారాణి భాటియా కూడా రచయిత్రి.

తల్లి కొమ్మూరి పద్మావతీదేవి గురించి మనం తప్పకుండా తెలుసుకోవాలి. నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్ళే వేసే కాలం అది. సంసార స్త్రీలు రంగస్థలం ఎక్కితే లోకం నానా మాటలు అనేది. ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టిన మహానటుడు బళ్ళారి రాఘవ. ఆయన 1880లో మన సీమలోని తాడిపత్రిలో పుట్టారు. ఆ రాఘవ పక్కన ధైర్యంగా వేదిక ఎక్కిన తొలితరం నటీమణుల్లో పద్మావతీదేవి ఒకరు. లోకం ఏమనుకుంటుందో అని ఆగకుండా తమకు సరైనదని తోచింది చేసే మనుషుల మధ్య సాంబశివరావు పెరిగారు.

ఇంతమంది పెద్ద రచయితలున్న ఇంట్లో పుట్టి ఆయన ఎంచుకున్న దారి అపరాధ పరిశోధన. పండితులు ఈ నవలలను సాహిత్యంగా లెక్కించలేదు. ఇంట్లో పెద్దలు చూస్తే లాక్కునేవాళ్ళు. అయినా జనం చదివారు.

ఈ రకం కథకు పుట్టుక అమెరికాలో. 1841లో ఎడ్గార్ అలన్ పో రాసిన కథను మొదటి డిటెక్టివ్ కథగా చెబుతారు. 1887లో ఇంగ్లండులో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించాడు. మన దేశంలో ముందు బెంగాలీలో ఈ నవలలు విరివిగా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాటిని తెలుగులోకి అనువదించుకుని మనవాళ్ళు చదివారు. తర్వాత సొంతంగా రాసేవాళ్ళు వచ్చారు. కవి ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. 1950ల తర్వాత ఈ రంగంలో అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నది కొమ్మూరి.

ఆయన మీద ఎడ్గార్ వాలెస్ అనే ఇంగ్లీషు రచయిత ప్రభావం ఉంది. అందుకే ఆయన్ను ఆంధ్రా ఎడ్గార్ వాలెస్ అనేవాళ్ళు. ఈ వాలెస్ 1875లో లండన్‌లో పుట్టాడు. కన్నతల్లి పెంచలేక ఇస్తే చేపల మార్కెట్‌లో మూటలు మోసే ఒకాయన కుటుంబం అతన్ని పెంచుకుంది. పన్నెండేళ్ళకే బడి మానేసి వీధిలో పేపర్లు అమ్మాడు. తర్వాత సిపాయి, విలేకరి అయ్యాడు. 1932లో చనిపోయేలోపు వందకు పైగా నవలలు రాశాడు. మన ఇళ్ళలో కూడా మనకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అందుకే వాలెస్ జీవితం చదివినప్పుడు మాకు ఎంతో దగ్గరగా అనిపించింది.

కొమ్మూరి సృష్టించిన డిటెక్టివ్ పేరు యుగంధర్. ఆ పేరు వింటే వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం నాటకంలో తెలివితో రాజును విడిపించుకొచ్చే మంత్రి యుగంధరుడు గుర్తుకొస్తాడు. యుగంధర్‌కు రాజు అనే అసిస్టెంటు ఉంటాడు. చిక్కుముడి పడినప్పుడల్లా ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు వచ్చి సాయం అడుగుతాడు. కొమ్మూరి మద్రాసులో ఉండి రాశారు కాబట్టి కథలూ ఎక్కువగా మద్రాసులోనే జరుగుతాయి. చిన్న చిన్న వాక్యాలు, ఎక్కువగా సంభాషణలు, వర్ణన చాలా తక్కువ. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్ళు కూడా సులభంగా చదవగలరు. ఇలాంటి నవలలతోనే చదవడం అలవాటు చేసుకుని పెద్ద పుస్తకాల దాకా పోయినవాళ్ళు ఆ తరంలో ఎందరో ఉన్నారు.

యుగంధర్ పని చేసే తీరు మాకు మరీ నచ్చింది. ముందు చోటు చూస్తాడు. తర్వాత మనుషులను అడుగుతాడు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో పోల్చి చూస్తాడు. అందరూ వేలు పెట్టి చూపించిన మనిషిని చటుక్కున దొంగ అనడు.

ఇది చదువుతుంటే మాకు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాం. మేము తొమ్మిదో తరగతిలో వేరే ఊరి హాస్టల్లో ఉండగా ఒక అబ్బాయి ట్రంకు పెట్టెలోని 300 రూపాయలు కనబడలేదు. కొత్తగా చేరిన ఒక పిల్లవాడి మీద అందరికీ అనుమానం వచ్చింది. కారణం, వాడి కాళ్ళకు ఆ వారమే కొత్త చెప్పులు వచ్చాయి. రాత్రంతా పెద్ద క్లాసుల వాళ్ళు అడిగారు, కొట్టారు. మేము చుట్టూ నిలబడి చూశాం. తెల్లవారేసరికి వాడు ఒప్పుకున్నాడు. మూడో రోజు వాళ్ళ నాయన వచ్చి వాణ్ణి తీసుకుపోయాడు. ఇంకో పది రోజులకు అదే ట్రంకు పెట్టె అడుగున పరిచిన న్యూస్ పేపరు కింద ఆ 300 రూపాయలు దొరికాయి. పెట్టె మొత్తం తీసి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు. సుగ్గికి పోయాడని విన్నాం.

వాడు ఒప్పుకున్నాడు కదా అని అప్పట్లో మేము సర్ది చెప్పుకున్నాం. కొట్టి ఒప్పిస్తే అది రుజువు కాదని తర్వాత చదువుకున్నాం. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్ ప్రకారం పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. 2024 జూలై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ నియమం అలాగే ఉంది. వేలిముద్రలను వర్గీకరించి నేరస్థులను గుర్తించే కార్యాలయం ప్రపంచంలో మొదట 1897లో మన కలకత్తాలోనే పెట్టారు. ఆ పద్ధతి రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్ళ కష్టం ఉంది. కొట్టకుండా నిజం తెలుసుకునే మార్గం ఉందని చెప్పే శాస్త్రం ఇది. దాన్ని కథగా మార్చి మామూలు జనం చేతిలో పెట్టిన వాళ్ళలో కొమ్మూరి ఒకరు.

మన కర్నూలు, కడప పేరు చెబితే బయట ఊళ్ళ వాళ్ళకు బాంబులు, వేట కొడవళ్ళే గుర్తుకొస్తాయి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర సినిమాలు వచ్చాక ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. ఆ సినిమాల్లో చంపినవాణ్ణి తిరిగి చంపితే కథ అయిపోతుంది. కొమ్మూరి నవలలో రుజువు దొరికి నేరస్థుణ్ణి చట్టానికి అప్పగిస్తే కథ అయిపోతుంది. ఇద్దరి కథల్లోనూ హత్య ఉంది, కానీ చదివినవాడి మనసులో మిగిలేది వేరు.

లోపాలు లేవని మేము అనము. మేము చదివిన నవలల్లో బంగళాలు, కార్లు, లక్షాధికారులే ఎక్కువ. మన వాడలు, మన మనుషులు కనబడరు. ఆ లోటు తీర్చాల్సింది ఇక మనలో రాయగలిగినవాళ్ళే.

కొమ్మూరి 1994లో కన్నుమూశారు. టీవీలు వచ్చి అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒకప్పుడు చేతులు మారి మారి నలిగిన ఆ పుస్తకాలు పాత పేపర్ల తూకానికి పోయాయి. అయినా యుగంధర్ పేరు ఎత్తితే యాభై దాటిన వాళ్ళ ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పరీక్షలు అయిపోయాక కర్నూలు జిల్లా గ్రంథాలయంలోనో, కడప బ్రౌన్ గ్రంథాలయంలోనో ఈ పుస్తకాల కోసం అడగండి. చావుకేక, లక్షాధికారి హత్య, ఉరితాడు, మతిపోయిన మనిషి. వీటిలో ఏది దొరికినా చదవండి. చివరి పేజీ ముందుగా తిప్పి చూడొద్దు. చదివాక ఒక్కటి గుర్తు పెట్టుకోండి. రేపు మన రూములో ఏదైనా వస్తువు పోతే ఎవరి కాళ్ళకు కొత్త చెప్పులున్నాయో చూడకముందు, పెట్టె అడుగున పేపరు ఎత్తి చూడండి.

ఆ పిల్లవాడు ఎక్కడున్నా మమ్మల్ని క్షమించాలని ఈ సంచిక ద్వారా కోరుకుంటున్నాం.