ముందు వచ్చే కుదుపు: ఒమోరి జీవితం నుంచి ఒక పాఠం

ఎనిమిదో తరగతిలో భూకంపాల పాఠం చెప్పిన రోజు మన సైన్సు మాస్టారు గ్లోబు తిప్పి జపాన్ మీద వేలు పెట్టారు. ఫుసాకిచి ఒమోరి అనే పేరు మొదటిసారి విన్నది అప్పుడే. పరీక్షకు రాదని తెలిశాక మరిచిపోయాను.

ఆ పేరు మళ్లీ గుర్తుకొచ్చింది 1993లో. ఆ ఏడాది సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతాన్ని భూకంపం నేలమట్టం చేసింది. ఆ కదలిక హైదరాబాద్ దాకా తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇళ్ల సర్వే కోసం నన్ను అక్కడికి పంపారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. దాదాపు పదివేల మంది చనిపోయారు. అక్కడివాళ్లు చెప్పిన ఒక మాట నన్ను వదల్లేదు. అంతకు ముందటి ఏడాది నుంచే భూమి ఉరుముతూ, కుదుపుతూ ఉందట. 1992 అక్టోబర్‌లో గట్టిగానే కదిలిందట. జనం వారాల తరబడి ఆరుబయట పడుకున్నారు. కుదుపులు తగ్గాక ఇళ్లలోకి వెళ్లారు.

పెద్ద భూకంపానికి ముందు వచ్చే ఇలాంటి చిన్న కుదుపులను ఫోర్‌షాక్‌లు అంటారు. మరి వాటిని ముందే ఎందుకు గుర్తుపట్టలేకపోయాం? ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే ఒమోరి జీవితం దగ్గర ఆగాను.

ఒమోరి 1868లో జపాన్‌లోని ఫుకుయిలో పుట్టాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, భూకంప శాస్త్రానికి అక్కడ పునాది వేసిన ఇంగ్లీషు ఆచార్యుడు జాన్ మిల్న్ దగ్గర పని నేర్చుకున్నాడు. 1891 అక్టోబర్ 28న నోబి మైదానంలో పెద్ద భూకంపం వచ్చి ఏడువేల మందికి పైగా చనిపోయారు. పెద్ద కుదుపు తర్వాత రోజుకెన్ని చిన్న కుదుపులు వస్తున్నాయో కుర్ర ఒమోరి లెక్కగట్టాడు. 1894లో ఒక సూత్రం ప్రకటించాడు. గడిచిన కాలానికి విలోమంగా కుదుపుల సంఖ్య తగ్గుతుంది. మొదటి రోజు వంద వస్తే పదోరోజుకు పది, వందోరోజుకు ఒకటి, ఉజ్జాయింపుగా. నూట ముప్పై ఏళ్లు దాటినా శాస్త్రవేత్తలు ఆ సూత్రాన్ని కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నారు.

తర్వాత ఇటలీ, జర్మనీలలో చదివి వచ్చి భూకంప శాస్త్ర ఆచార్యుడయ్యాడు. మంచి భూకంప లేఖినులు తయారుచేశాడు. మన దేశంలో 1905లో వచ్చిన కాంగ్రా భూకంపం మీద నివేదిక రాశాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో శిథిలాల్లో తిరుగుతుంటే అక్కడి అల్లరి మూకలు ఆయన మీద రాళ్లు విసిరాయి. అయినా పని ఆపలేదు.

ముందు కుదుపులు మనిషిని కాపాడిన సందర్భం కూడా ఆయన కాలంలోనే ఉంది. 1910 జులైలో హొక్కైదోలోని ఉసు అగ్నిపర్వతం దగ్గర వరసగా భూమి కంపించింది. అక్కడి పోలీసు అధికారి అంతకుముందు ఒమోరి ఉపన్యాసం విన్నవాడు. ఆ పాఠం గుర్తుపెట్టుకుని, కొండ పేలకముందే దాదాపు 15 వేల మందిని ఖాళీ చేయించాడు. ఒమోరి అక్కడికి పరికరాలతో వెళ్లి కొండ కింద సాగే సన్నని ప్రకంపనలను నమోదు చేశాడు.

నాలుగేళ్లకే, 1914 జనవరిలో, సకురాజిమా ద్వీపం కంపించింది. పేలదని వాతావరణ కేంద్రం చెప్పింది. చాలామంది ఆ మాట నమ్మకుండా పడవలెక్కి బతికిపోయారు. నమ్మి ఉండిపోయినవాళ్లలో కొందరు చనిపోయారు. పదేళ్ల తర్వాత ఆ ఊరివాళ్లు తమ ప్రాథమిక పాఠశాలలో ఒక శిలాఫలకం నిలబెట్టారు. సిద్ధాంతాలను నమ్ముకుని కూర్చోకండి, గుర్తులు కనబడగానే బయలుదేరండి అని దాని సారాంశం. ఒక బడి ఆవరణలో అలాంటి రాయి ఉందంటే ఉపాధ్యాయులుగా, పూర్వ విద్యార్థులుగా మనం ఆలోచించాల్సిందే.

ఇక ఒమోరికి ఎదురైన పెద్ద పరీక్ష. 1905లో ఆయన సహచరుడు ఇమామురా అకిత్సునే ఒక పత్రికలో వ్యాసం రాశాడు. టోక్యోకు రాబోయే యాభై ఏళ్లలో పెద్ద భూకంపం రావచ్చనీ, మంటలు లేస్తే లక్షమందికి పైగా చనిపోవచ్చనీ హెచ్చరించాడు. వార్తాపత్రికలు దాన్ని పెంచి రాయడంతో ఊరంతా గగ్గోలు పుట్టింది. పెద్దవాడైన ఒమోరి జనం భయం తగ్గించాలనుకున్నాడు. ఆ మాటకు ఆధారం లేదని బహిరంగంగా ఖండించాడు. ఇమామురా ఏళ్ల తరబడి నవ్వులపాలయ్యాడు.

1922 ఏప్రిల్‌లో టోక్యో గట్టిగా కంపించింది. అప్పుడు దాన్ని ఇంకో పెద్దదానికి ముందుమాటగా ఎవరు చూడగలరు? 1923 సెప్టెంబర్ 1న మధ్యాహ్నానికి రెండు నిమిషాల ముందు కాంటో భూకంపం వచ్చింది. లక్షమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మంటల్లోనే. శాస్త్ర సమావేశం కోసం వెళ్లిన ఒమోరి ఆ రోజు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, రివర్‌వ్యూ పరిశోధనాలయంలో ఉన్నాడు. తన దేశం కూలుతున్న కదలికను అక్కడి యంత్రం సూది గీస్తుంటే కళ్లారా చూశాడు. మెదడులో కణితితో బాధపడుతూ ఓడెక్కి స్వదేశం చేరాడు. నవంబర్ 8న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్లు. ఆయన పీఠంలోకి ఇమామురా వచ్చాడు.

ఒమోరి తప్పు చేశాడా? నా వయసు ఆయన చివరి వయసుకు చేరాక ఈ ప్రశ్న వేరేగా కనబడుతోంది. చిన్న కుదుపుకు ఫోర్‌షాక్ అనే పేరు పెద్దది వచ్చాకే దక్కుతుంది. రెండూ పుట్టేటప్పుడు ఒకేలా ఉంటాయి. కాలిఫోర్నియా లెక్కల ప్రకారం చిన్న భూకంపాల్లో సుమారు 5 శాతానికే, కొద్ది రోజుల్లో, వెనకే అంతకన్నా పెద్దది వస్తుంది. మిగతావి ఊరికే పోతాయి.

అంతరిక్ష శాస్త్రంలోనూ ఈ మాట ఉంది. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌరపవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఢీకొనే చోట ఒక అఘాత తరంగం నిలిచి ఉంటుంది. దాన్ని తాకి వెనక్కి తిరిగిన కొన్ని కణాలు అయస్కాంత రేఖల వెంట సూర్యుడి వైపు పోతూ, ముందున్న ప్రాంతాన్ని కలచివేస్తాయి. దాన్నీ ఫోర్‌షాక్ అంటారు. అక్కడ అఘాతం ఎప్పుడూ ఉన్నదే, కబురు దాని నుంచే వస్తుంది. మన కాళ్ల కింద అలా కాదు. కబురు ముందు వచ్చినా, అది దేని కబురో అప్పుడు తెలియదు.

ఇంజినీరుగా నేను నేర్చుకున్నది ఇదే. భయపడకండి అని చెప్పడం తేలిక. రాదని చెప్పడం మాత్రం మన చేతిలో లేదు. కుదుపును చదవలేకపోవచ్చు, గోడను మాత్రం కట్టగలం. కిల్లారిలో మనుషులను చంపింది మట్టితో పేర్చిన ఆ రాళ్లే. అందుకే స్వర్ణోత్సవ నిధిలో కొంత మన పాత తరగతి గదుల గోడలు, లింటెల్ బ్యాండ్లు, పైకప్పు పరీక్షకు కేటాయించాలని సంఘాన్ని కోరుతున్నాను. ఆ పరీక్ష నేనే, ఒక్క రూపాయి తీసుకోకుండా చేస్తాను. మాస్టారు గ్లోబు తిప్పిన గదితో మొదలుపెడదాం.