జేన్ ఆడమ్స్

చికాగో నగరము అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిచిగాన్ సరస్సు తీరమున నున్నది. 1871వ సంవత్సరమున ఘోరమైన అగ్నిప్రమాదముచే నగరములో పెద్దభాగము బూడిదయ్యెను. అయినను ఇరువది యేండ్లలోపలనే అది పదిలక్షల జనముతో క్రిక్కిరిసిపోయెను. అచ్చటి పశువధశాలలలోను, ఉక్కు కర్మాగారములలోను, కుట్టుపనిశాలలలోను పనిచేయుటకు ఇటలీ, పోలండు, రష్యా, బొహీమియా, ఐర్లండు, జర్మనీ మున్నగు దేశములనుండి బీదజనులు ఓడలెక్కి వచ్చుచుండిరి. నగరవాసులలో నూటికి డెబ్బదిమందికి పైగా పరదేశములలో పుట్టినవారో, వారి సంతానమో అయియుండిరి. ఒక వీథివారి భాష వేఱొక వీథివారికి తెలియదు. అట్టి జనుల నడుమ నలువదియైదేండ్లు నివసించి, వారికి తోడునీడయైన స్త్రీ జేన్ ఆడమ్స్.

ఆమె 1860వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రమందలి సీడర్‌విల్ గ్రామమున సంపన్న కుటుంబమున జన్మించెను. తండ్రి పిండిమరల యజమాని. రాష్ట్ర శాసనసభ సభ్యుడు. అబ్రహాం లింకనునకు మిత్రుడు. జేన్ రెండేండ్ల బిడ్డగా నున్నప్పుడే తల్లి మరణించెను. నాలుగవయేట వెన్నెముకకు క్షయ సోకి, వీపు వంగిపోయెను. అందగాడైన తన తండ్రికి ఇట్టి వికారపు బిడ్డ కలదని క్రొత్తవారికి తెలియునేమో యని భయపడి, ఆ బాలిక ఆదివారములందు చర్చికి పోవునపుడు తండ్రి ప్రక్కను విడిచి పినతండ్రి వెంట నడచెడిదట.

1881లో ఆమె రాక్‌ఫర్డు విద్యాలయమున చదువు ముగించెను. ఆ సంవత్సరముననే తండ్రి కాలధర్మము నొందెను. వైద్యవిద్య నభ్యసింప ఫిలడెల్ఫియా నగరమునకు పోయెను గాని, వెన్నునొప్పి హెచ్చుటచే దానిని మానుకొనవలసి వచ్చెను. ధనమున్నది, విద్య యున్నది. చేయదగిన పని మాత్రము కానరాదు. ఐరోపాఖండమున రెండుమాఱులు పర్యటించెను. 1883లో ఒక శనివారము రాత్రి లండను నగరపు తూర్పుభాగమున వర్తకులు క్రుళ్లిన కూరగాయలను వేలము వేయుచుండగా, ఆకలిగొన్న పేదలు చేతులెత్తి పాట పాడుట ఆమె చూచెను. ఆ చేతులు ఆమె కెన్నడును మఱపునకు రాలేదు. 1888లో మరల ఆ ప్రాంతమునకే పోయి, టాయిన్బీ హాలు అను గృహమును దర్శించెను. విశ్వవిద్యాలయములలో చదివిన యువకులు అచ్చట పేదల నడుమ కాపురముండి, వారికి విద్య నేర్పుచుండిరి. దానము చేసి వెళ్లిపోవుట వేఱు, ఇరుగుపొరుగై యుండుట వేఱు. ఈ భేదమే ఆమెకు దారి చూపెను.

1889వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన జేన్ ఆడమ్స్, ఆమె స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్ చికాగోలోని హాల్‌స్టెడ్ వీథియందు ఒక పాత భవనమున ప్రవేశించిరి. చార్లెస్ హల్ అను ధనికుడు దానిని మున్ను కట్టించినందున అది హల్ హౌస్ అను పేరుతోనే ప్రసిద్ధికెక్కెను. చుట్టును ఇటలీవారు, జర్మనులు, రష్యానుండి పారివచ్చిన యూదులు, బొహీమియావారు, ఐరిషువారు. పిమ్మట గ్రీకులును వచ్చిరి. పనికిపోవు తల్లుల బిడ్డలను పగలెల్ల కాపాడుట, శిశుపాఠశాల నడపుట, సాయంకాలములందు పెద్దలకు ఇంగ్లీషు నేర్పుట మొదట చేపట్టిన పనులు.

మంచి యుద్దేశముతో మొదలుపెట్టిన పనులన్నియు ఫలింపలేదు. కుట్టుపనిచేయు స్త్రీలకు వంటకు తీరిక లేదనియు, వారి బిడ్డలకు పుష్టికరమైన ఆహారము దొరకదనియు గ్రహించి, 1893లో వారొక వంటశాలను స్థాపించిరి. శాస్త్రప్రకారము కొలిచి వండిన పులుసులు, కూరలు చౌకగా అమ్మజూపిరి. కాని కొనువారు మిక్కిలి తక్కువ. ఆ వంటకములలో పుష్టి యున్నదని ఒప్పుకొనుచునే, తనకు ఇష్టమైనదే తాను తినునని ఒక పొరుగుస్త్రీ తేల్చి చెప్పినదట. దేశదేశముల నాలుకలకు దేశదేశముల రుచులుండునని తాము లెక్కవేసికొనలేదని జేన్ పిమ్మట వ్రాసెను. మన యిండ్లలో మాత్రము, పచ్చడి మెతుకులకు అలవాటుపడినవారు వైద్యుడు చెప్పిన చప్పిడికూటిని ఆనందముగా తినెదరా?

మఱియొకప్పుడు, ద్రాక్షసారాయిలో నానిన రొట్టె తిని ఒక ఇటలీ బాలిక మత్తుతో శిశుపాఠశాలకు వచ్చెను. శిశుపాఠశాల ఉపాధ్యాయిని ఆ బాలిక తల్లికడకు పోయి మద్యము పిల్లలకు కలిగించు హానిని గూర్చి బోధించెను. ఆ తల్లి శ్రద్ధగా విని, ఇంటికి వచ్చిన యతిథికి మర్యాదగా ద్రాక్షసారాయి నొసగెను. అతిథి వలదనగానే లోపలికి పోయి ఒక గ్లాసుతో విస్కీ తెచ్చి, అమెరికావారి పానీయము ఇదియే కదా యని ముందుంచెను. ఇటలీ మద్యమునకు బదులు అమెరికా మద్యములో రొట్టె నానవేయవలెనని తాను బోధించినట్లు ఆ తల్లి గ్రహించెను కాబోలునని ఆ ఉపాధ్యాయిని నవ్వుకొనెను.

నవ్వుటకు వీలులేని సంగతియు నొకటి కలదు. 1893–94 శీతకాలమున కర్మాగారములు మూతపడి, వేలకొలది జనులు పనిలేక అలమటించిరి. గుమాస్తాపని పోగొట్టుకొనిన ఒకడు సహాయము కోరి హల్ హౌసునకు వచ్చెను. పని దొరకునంతవరకు ధనసహాయము చేయరాదని ధర్మసంస్థల నియమము. నగరమున కాలువ త్రవ్వుచున్నారు, అచ్చట పనికి పొమ్మని జేన్ అతనికి చెప్పెను. తాను ఎల్లప్పుడు ఇంటిలోపల పని చేసినవాడననియు, చలిలో ఆరుబయట పని తనకు పడదనియు అతడు విన్నవించెను. ఆమె నియమమునే పాటించెను. అతడు రెండు దినములు కాలువ త్రవ్వి, ఊపిరితిత్తుల జ్వరము తగిలి, ఒక వారమునకు మరణించెను. ఇద్దఱు చిన్నబిడ్డలు మిగిలిరి. జేన్ ఆ బిడ్డల యోగక్షేమములను అటుపిమ్మట విచారించుచునే యుండెను. ఈ వృత్తాంతమును ఆమె తన గ్రంథమున దాచక వ్రాసికొనెను.

పరదేశమునకు వచ్చిన కుటుంబములలో పిల్లలు బడికి పోయి ఇంగ్లీషు త్వరగా నేర్చెడివారు. తల్లిదండ్రులకు ఆ భాష రాదు. కొట్టుకు పోయినను, కచ్చేరికి పోయినను పిల్లలే దుబాసులు. అందుచే వారికి పెద్దలపై చులకనభావ మేర్పడెను. ఒకనాడు జేన్ వీథిలో నడచుచుండగా, ఒక ఇటలీ వృద్ధురాలు గుమ్మములో కూర్చుండి కదురుపుల్లతో నూలు వడకుచుండెను. మన పాఠశాలలలో ఒకప్పుడు పిల్లలు త్రిప్పిన తకిలి వంటిదే ఆ సాధనము. యంత్రముల నగరమున ఎవ్వరికిని అక్కఱకురాని యీ నేర్పును పదిమంది చూచి గౌరవించినచో, ఆ ముదుసలి తలయెత్తుకొని తిరుగదా యని జేనుకు తోచెను. 1900లో హల్ హౌసున శ్రమ ప్రదర్శనశాల వెలసెను. సిరియా, గ్రీసు, ఇటలీ, రష్యా, ఐర్లండు దేశముల స్త్రీలు ఒకే గదిలో తమతమ పద్ధతులతో నూలు వడకి చూపుచుండిరి.

శనివారములందు ఒక ఇటలీ బాలిక హల్ హౌసునకు వంట నేర్చుకొనుటకు వచ్చెడిది. ఆమె తల్లియు అదే వేళకు నూలు వడకుటకు వచ్చెడిది. తల్లి తలకు గుడ్డ కట్టుకొని, మోటు బూట్లు తొడిగికొని యుండునని సిగ్గుపడి, బాలిక వేఱొక ద్వారమున లోనికి పోయెడిది. ఒకనాడు ఉపాధ్యాయవిద్యాశాలనుండి వచ్చినవారు తన తల్లి చుట్టును గుమిగూడి, ఆమె పనితనమును మెచ్చుకొనుచుండుట చూచెను. కదురు పట్టినవారిలో తన తల్లిని మించినవారు అమెరికాలోనే లేరేమోయని ఆమెకు తోచెను. ఆ యూరిలో తల్లి పొందిన గౌరవమును, స్త్రీలందఱు ఆరుబయట కూడి వడకుటను జేన్ ఆమెకు వర్ణించి చెప్పెను. కొన్నాళ్లకు, పనికిరానివని పెట్టె యడుగున దాపించిన తల్లి నేత వస్త్రములు బయటికి వచ్చెను. పిమ్మట తల్లియు కూతురును ఒకే ద్వారమున వచ్చుచుండిరి. తండ్రి ప్రక్కన నడువ వెనుదీసిన సీడర్‌విల్ బాలిక ఈ పిల్ల మనస్సును తెలిసికొనుటలో వింత యేమున్నది!

హల్ హౌసున మొదటి క్రిస్మసునాడు మిఠాయి పంచగా కొందఱు బాలికలు తీసికొనలేదు. వారు ఆఱు వారములుగా మిఠాయి కర్మాగారమున ఉదయము ఏడు మొదలు రాత్రి తొమ్మిది వఱకు పనిచేయుచు, దానిని చూచుటకే రోసియుండిరి. ఫ్లారెన్స్ కెల్లీ మున్నగు సహచరుల కృషిచే 1893లో పదునాలుగేండ్లలోపు పిల్లలను కర్మాగారములలో పెట్టరాదను చట్టము ఏర్పడెను. పిల్లల కూలిపై బ్రదుకుచున్న కొందఱు తలిదండ్రులకే అది కోపము తెప్పించెను. స్త్రీలకు ఎనిమిది గంటల పనిని విధించిన భాగమును 1895లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. 1899లో బాలనేరస్థుల కొఱకు దేశమున మొదటి ప్రత్యేక న్యాయస్థానము చికాగోలోనే వెలసెను.

వీథులలో చెత్త గుట్టలుగా పడియుండి రోగములు ప్రబలుచుండెను. జేన్ చెత్త నెత్తు కాంట్రాక్టునకు టెండరు వేయగా దానిని త్రోసిపుచ్చిరి. అయినను 1895లో నగరాధ్యక్షుడు ఆమెనే ఆ పేటకు చెత్త తనిఖీ అధికారిణిగా నియమించెను. ప్రతిదినము తెల్లవారుజామున లేచి బండ్ల వెంట ఆమె నడచుట చూచి పొరుగు స్త్రీలు విస్తుపోయిరి. రోగికి సేవచేయుట స్త్రీధర్మమైనచో, రోగము రాకుండ చేయుటయు స్త్రీధర్మమే యని ఆమె వారికి నచ్చజెప్పెను. ఒక సందులో పదునెనిమిది అంగుళముల చెత్త నెత్తివేయగా, అడుగున రాళ్లు పఱచిన బాట కనబడెను!

మొదటి ప్రపంచయుద్ధమును ఆమె ఖండించుటచే, అంతవఱకు పొగడిన పత్రికలే నిందింపసాగెను. శత్రుదేశములనుండి వచ్చినవారు తన పొరుగువారే. వారిని ద్వేషించుట ఆమె వలన కాలేదు. 1931లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. ఆ గౌరవము పొందిన మొదటి అమెరికా స్త్రీ ఆమెయే.

1935వ సంవత్సరము మే 21వ తేదీన జేన్ ఆడమ్స్ మరణించెను. హల్ హౌసున ఉంచిన ఆమె దేహమును వేలకొలది జనులు వరుసలు కట్టి దర్శించిరి. చుట్టుకొనియున్న భవనములలో పెక్కింటిని విశ్వవిద్యాలయ నిర్మాణము కొఱకు 1960 ప్రాంతముల పడగొట్టిరి. ఆమె మొదట ప్రవేశించిన ఇల్లు మాత్రము నేడును ప్రదర్శనశాలగా నిలిచియున్నది. సీడర్‌విల్‌లోని ఆమె సమాధిఫలకముపై నోబెల్ బహుమానము ప్రసక్తి లేదు. ఆమె పేరును, హల్ హౌస్ పేరును, ఆమె పాటుపడిన శాంతి సంఘము పేరును మాత్రమే చెక్కబడియున్నవి.