గోల్ ముందు నిలబడ్డ మన హైదరాబాదీ

పోయిన శనివారం మావాడు సాకర్ నుంచి మొహం ముడుచుకుని వచ్చాడు. గోల్స్ కొడదామని చేరితే కోచ్ గోల్‌కీపర్‌గా నిలబెట్టాడట. బంతి ఆపితే ఎవరికీ గుర్తుండదు, వదిలేస్తే మాత్రం అందరూ అంటారని వాడి బాధ. ఆ రాత్రి అన్నం తింటుంటే పీటర్ తంగరాజ్ గారి గురించి చెప్పాను.

1935లో హైదరాబాద్‌లో పుట్టిన తంగరాజ్ కూడా మొదట్లో సెంటర్ ఫార్వర్డే. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడుతున్నప్పుడు గోల్‌కీపర్‌గా మారారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అంత ఖాళీకి ఒక్క మనిషే కాపలా. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి చేతులు ఆయనకు అక్కడే పనికొచ్చాయి. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది.

1956లో ఆయన మన మెల్‌బోర్న్‌కు వచ్చారు, ఒలింపిక్స్ జట్టులో. కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. మైదాన్ సినిమా చూసినవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. డిసెంబర్ 1న ఇండియా 4-2తో ఆస్ట్రేలియాను ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. తర్వాత యుగోస్లావియా చేతిలో 1-4తో, బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. రెండు మ్యాచుల్లో ఏడు గోల్స్ పడ్డాయి. తంగరాజ్‌కు అప్పటికి ఇంకా 21 ఏళ్లు నిండలేదు.

అక్కడితో ఆగిపోలేదు. 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడారు. అక్కడ ఇండియా ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకుంది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్. స్టేడియం నిండా జనం మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తుంటే, తంగరాజ్ గోల్ కాశారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ స్వర్ణం రాలేదు.

కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆట మానేశాక కోచ్‌గా పనిచేసి, 2008లో బొకారోలో కన్నుమూశారు.

ఆస్ట్రేలియాతో ఆ మ్యాచ్ జరిగిన ఒలింపిక్ పార్క్ స్టేడియం ఇప్పుడు లేదు. ఆ చోట కాలింగ్‌వుడ్ జట్టు ప్రాక్టీస్ చేసుకుంటోంది. అటు వెళ్లినప్పుడు పిల్లలకు ఒకసారి చూపించండి. మనూరి అబ్బాయి ఒకడు మనకన్నా ఎంతో ముందే ఇక్కడికి వచ్చి వెళ్లాడని వాళ్లకు తెలియాలి కదా.

మావాడు అంతా విని ఏమీ అనలేదు. కాసేపాగి, గ్లవ్స్ ఎంత ఉంటాయమ్మా అని మాత్రం అడిగాడు. ఈ శనివారం ఏమంటాడో చూడాలి.